నేను పోసిన కుళాయి నీళ్ళు

మా ఇంట్లో చేప వండరు. తాతల కాలం నుంచీ ఏలూరులో కిరాణా, నూనెల వ్యాపారం చేసుకున్న కుటుంబం మాది. కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. అయినా చాలా ఏళ్ళుగా మా పొయ్యి వెలుగుతున్నది చేపల వల్లే. కైకలూరులో నాకు చేపల మేత అమ్మే కొట్టు ఉంది. దాని వెనక గదిలో చిన్న ల్యాబు పెట్టుకున్నాను. రైతులు చెరువు నీళ్ళు సీసాల్లో పట్టుకొస్తే పరీక్ష చేసి, ఏం పెరిగిందో ఏం తగ్గిందో చెప్పి, వెయ్యాల్సిన మందు రాసిస్తాను.

నేను కాస్త కటువుగా మాట్లాడతానని రైతుల్లో పేరుంది. ఒకసారి ఉండి అనే ఊరి వైపు నుంచి ఒక పెద్దాయన చచ్చిన చేపను సంచిలో తెచ్చి బల్ల మీద పెట్టి, "ఏమీ వెయ్యలేదండీ, ఉన్నట్టుండి తేలిపోయాయి" అన్నాడు. మొప్పలు ఎత్తి చూడగానే మందు ఎక్కువైందని నాకు తెలిసిపోయింది. కొట్లో నలుగురు రైతులు ఉన్నారు. వాళ్ళందరి ముందూ, "ఇంత వయసొచ్చి అబద్ధమెందుకండీ? నిజం చెబితే మిగిలినవన్నా బతికిస్తాను కదా" అన్నాను. ఆయన సంచి మడత పెట్టుకుంటూ తల దించుకున్నాడు. ఆ రోజంతా నేను మంచి పని చేశాననే అనుకున్నాను.

డిస్కస్ చేపల్ని నేను మొదట చూసింది విజయవాడలో ఒక అక్వేరియంల కొట్లో. చెరువు చేపను వేలసార్లు చేతిలోకి తీసుకున్నాను గానీ, చేపను చూసి నిలబడిపోవడం అదే మొదలు. పళ్ళెంలా గుండ్రంగా, పల్చగా ఉన్నాయి. కొన్ని ఎర్రగా, కొన్ని నీలం చారలతో. మిగతా చేపల్లా గాభరాగా తిరగవు, పెళ్ళివారిలా నెమ్మదిగా కదులుతాయి. కొట్టాయన నా ముఖం చూసి నవ్వాడు.

"ఇవి అందరికీ ఇవ్వనండీ. వీటికి నీళ్ళు తరచుగా మార్చాలి. వెచ్చగా ఉండాలి. రోజుకి మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెం మేత వెయ్యాలి. మీకు రోజుకి ఎంత టైముంటుందండీ?"

"పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ఉంటుందండీ" అన్నాను.

అది అబద్ధం. పొద్దున ఏడింటికల్లా నేను కొల్లేటి రోడ్డెక్కాలి. తిరిగి వచ్చేసరికి ఎనిమిదో తొమ్మిదో అయ్యేది. సీజన్లో ఆదివారం కూడా ఉండదు. ఆ మాట చెబితే ఆయన చేపలు ఇవ్వడేమోనన్న భయం కన్నా, నీళ్ళ సంగతి నాకే చెబుతాడా అన్న అహం ఎక్కువగా ఉంది. వందల ఎకరాల చెరువులకు వైద్యం చేసేవాడికి నాలుగడుగుల గాజుతొట్టి ఒక లెక్కా అనుకున్నాను. ఎనిమిది పిల్లలు కొనుక్కుని ఇంటికి తెచ్చాను.

మొదటి రెండు నెలలూ బాగానే చూసుకున్నాను. ఏలూరులో మాకు కుళాయి పొద్దున్నే వస్తుంది. ఆ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, చేప మొప్పల్ని అది కాల్చేస్తుంది. అందుకని మెట్ల కింద పెద్ద డ్రమ్ము పెట్టి, సాయంత్రం వచ్చాక పొద్దున పట్టి ఉంచిన నీళ్ళు దాంట్లో నింపి, గాలి మోటారు వేసి వదిలేసేవాణ్ణి. ఒక రోజంతా ఆగితే క్లోరిన్ పోతుంది. ఆ నీళ్ళే రోజు విడిచి రోజు ట్యాంకులోకి పోసేవాణ్ణి. తర్వాత తర్వాత రెండు రోజులకోసారి అన్నది మూడైంది, మూడు ఐదైంది. మేత వెయ్యడం మా ఆవిడ మీద పడింది. ఆవిడ ఏమీ అనలేదు. ఆ చేపలకు మేతగా పెట్టే గడ్డకట్టించిన పురుగులు మాత్రం ఫ్రిజ్జులో పెట్టనివ్వనంది. దాంతో గుళికల మేతకే అలవాటు చేశాం.

ఆ ఎండాకాలం మొదట్లో మా మావయ్య గారు, అంటే మా ఆవిడ నాన్నగారు, ఇంటికి వచ్చారు.

ఆయనది తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు. అత్తయ్య గారు పోయి నాలుగేళ్ళయింది. కొట్టు పైన మేడ మీదే తమ్ముడి కుటుంబంతో కలిసి ఉంటారు. డెబ్బై దాటినా తెల్లారేసరికి కొట్టు తలుపులు తీసేది ఆయనే. లారీలోంచి దించిన బస్తాలో చెయ్యి పెట్టి, నాలుగు ఉల్లిపాయలు వేళ్ళ మధ్య నొక్కి, సరుకు ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పేవారు. కళ్ళలో శుక్లాలు ముదిరిపోయినా ఆ వేళ్ళ వల్లనే పని నడిపించారు. ఇక కుదరదని మా ఆవిడ పట్టుబట్టి ఏలూరులో ఒక కంటికి ఆపరేషన్ చేయించింది. నెలన్నర మా ఇంట్లోనే ఉండి, రెండో కన్ను కూడా చేయించుకుని వెళ్ళాలని అనుకున్నాం.

కంటి కట్టు విప్పిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. ఆయన హాల్లో కుర్చీలో కూర్చుని కన్ను చికిలించి చుట్టూ చూస్తున్నారు. చూపు ట్యాంకు మీద ఆగిపోయింది. లేచి వెళ్ళి గాజుకి దగ్గరగా ముఖం పెట్టారు.

"ఏవండీ అల్లుడు గారూ, ఇవి మొదట్నుంచీ ఇంత ఎరుపేనాండీ?"

"అవునండీ మావయ్య గారూ. మీరు వచ్చినప్పుడు కూడా ఇవే."

"నాకు ఇటుక ముక్కల్లా కనపడేవండీ" అన్నారు. కళ్ళద్దాలు లేని ఆ ముఖంలో చిన్నపిల్లాడి సంతోషం చూశాను. "ఇంత ఎరుపు చూసి ఎన్నాళ్ళయిందో."

ఆనాటి నుంచి ఆయన కుర్చీ ట్యాంకు పక్కకు చేరింది. జన్మలో చేపను తాకని మనిషి. మొదట్లో మేత డబ్బా మూత తీస్తే వాసనకి ముఖం పక్కకు తిప్పుకునేవారు. వారం తిరిగేసరికి మేత వేసే పని పూర్తిగా ఆయనదే అయింది. పొద్దున ఏడున్నరకి, పదకొండుకి, మూడుకి, ఏడుకి. గోడ గడియారం చూసి, ఆ డబ్బాతో వచ్చిన చిన్న చెంచాతో, చెంచా మీద వేలు అడ్డం పెట్టి కొలిచి వేసేవారు. ఉల్లిపాయ నొక్కినట్టే ఆ గుళికల్ని కూడా వేళ్ళతో నలిపి చూసేవారు. చేపలు ఆయనను గుర్తుపట్టాయి. నేను దగ్గరికి వెళితే నీళ్ళు వెచ్చబెట్టే హీటరు వెనక్కి పోయేవి. ఆయన వస్తే ఎనిమిదీ ముందుకొచ్చి గాజుకి ఆనుకుని నిలబడేవి.

"మిమ్మల్ని చూసి భయపడుతున్నాయండీ పాపం. రోజూ కనపడితే గదా" అనేవారు నవ్వుతూ. ఎత్తిపొడుపు కాదు. ఆయనకు ఎత్తిపొడవడం రాదు. కానీ నాకు గుచ్చుకునేది. నా చేపలు ఆయనవైపోయాయని చిన్న ఈర్ష్య కూడా ఉండేదేమో, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఎండలు ముదిరాయి. ఎండాకాలంలో చెరువులకు జబ్బులు ఎక్కువ. నేను ఇంటికి రావడం ఇంకా ఆలస్యమైంది. ఒక మంగళవారం సాయంత్రం ఉండి దగ్గర ఒక చెరువు చూసి, అలసిపోయి వచ్చి, డ్రమ్ము నింపకుండానే పడుకున్నాను. తెల్లారి లేచి చూస్తే ట్యాంకులో నీళ్ళు మసకబారి ఉన్నాయి. మార్చి అప్పటికి వారం దాటింది. ఆ పూట కొట్టుకి మేత లోడు వస్తుంది, నేను ఉండి తీరాలి. కుళాయి వస్తోంది. చేతిలో పైపు ఉంది.

సగం నీళ్ళు తోడేసి, పైపు కుళాయికే తగిలించి ట్యాంకు నింపేశాను.

నీళ్ళు పడుతుంటే క్లోరిన్ వాసన ముక్కుకి తగిలింది. ఎండాకాలంలో మామూలు కన్నా ఎక్కువ కలుపుతారని నాకు తెలుసు. క్లోరిన్‌కి విరుగుడు మందు నా కొట్లోనే బస్తాల్లో ఉంటుంది, ఇంట్లో చిటికెడు లేదు. ఒక్క క్షణం ఆగాను. సగమే కదా, పాత నీళ్ళు సగం ఉన్నాయిగా, తట్టుకుంటాయిలే అనుకున్నాను. ఇదే మాట ఏ రైతన్నా నాతో అంటే వాణ్ణి ఏమనేవాణ్ణో నాకు తెలుసు. ఆ సమయంలో మావయ్య గారు స్నానాల గదిలో ఉన్నారు. మా ఆవిడ వంటింట్లో ఉంది. పైపు చుట్టేసి, చొక్కా మార్చుకుని, వెళ్ళిపోయాను.

పదిన్నరకి లోడు దించుతుండగా మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏవండీ, చేపలు నల్లబడిపోయాయండీ. పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. రెండు పక్కకి పడిపోయాయి. నాన్నగారు కంగారుపడిపోతున్నారు. ఏం చెయ్యమంటారు?"

నాకు అంతా ఒక్కసారే అర్థమైపోయింది. ఏం జరిగిందో ఆలోచించాల్సిన పనే లేదు. అయినా నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది:

"పొద్దున మావయ్య గారు మేత ఎంత వేశారో అడుగు."

ఆవిడ అటు తిరిగి అడగడం వినిపించింది. ఆయన గొంతు దూరంగా, "రోజూ వేసినంతేనమ్మా. కానీ అవి తినలేదు, అడుక్కి పోయింది" అన్నది కూడా వినిపించింది. మొప్పలు కాలిన చేప మేత ముట్టదు. తినలేదన్న ఆ మాటే అసలు సంగతి చెబుతోంది. నేను మాత్రం, "అడుగున మేత ఉందంటే ఎక్కువ పడిందన్నమాట. నేను వస్తున్నాను" అని ఫోన్ పెట్టేశాను.

కొట్లోంచి విరుగుడు మందు పొట్లం జేబులో వేసుకుని బయలుదేరాను. పటికబెల్లం పలుకుల్లా తెల్లగా ఉంటుంది. ఆకివీడు వైపు నుంచి వచ్చే చేపల లారీలతో రోడ్డు నిండి ఉంది. దారి పొడుగునా నేను చేపల గురించి ఆలోచించలేదు. ఇంటికెళ్ళి ఏం చెప్పాలా అని ఆలోచించాను. ఫోన్లో అన్నది నోరు జారిన మాట అని సరిపెట్టుకోవచ్చు. ఆ తర్వాత దొరికిన గంట సేపు మాత్రం నేను కావాలనే వాడుకున్నాను.

ఇంటికి చేరేసరికి నాలుగు చేపలు పోయాయి. ఐదోది నా కళ్ళ ముందే పోయింది. మావయ్య గారు ట్యాంకు పక్కన నిలబడి ఉన్నారు, కుర్చీలో కాదు. చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. అడుగున పడిన మేతను గరిటెతో ఒక్కొక్క గుళికే తీసి స్టీలు గిన్నెలో వేశారు. కంట్లో నీళ్ళు పడకూడదని డాక్టరు చెప్పిన మనిషి.

నేను పొట్లం విప్పి మందు ట్యాంకులో కలిపాను.

"ఏం మందండీ అది?"

"నీళ్ళు శుభ్రపడ్డానికండీ."

"నేను వేసిన మేత కుళ్ళిపోయి విషమైందాండీ?"

ఇప్పటికీ ఆ ప్రశ్న నా చెవిలో అలాగే ఉంది. కాదండీ అంటే చాలు. మూడక్షరాలు.

"కొంచెం ఎక్కువ పడినట్టుందండీ" అన్నాను. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. ఆయన ఇంకా నా ముఖంలోకే చూస్తుంటే, "ఒకసారి వేసి మర్చిపోయి మళ్ళీ వేసుంటారు. పోన్లెండి, పెద్దవయసులో మామూలే" అన్నాను. ఆ మాట చాలా మృదువుగా అన్నాను. ఓదారుస్తున్నట్టు అన్నాను.

ఆయన గోడ గడియారం వైపు చూశారు. వేళ్ళతో ఏదో లెక్క పెట్టుకున్నారు. "రెండోసారి వేసినట్టు నాకు గుర్తులేదండీ" అన్నారు చివరికి. "గుర్తులేదంటే వేసే ఉంటాను."

మందు పనిచేసింది. మిగిలిన మూడూ మధ్యాహ్నానికల్లా తేరుకున్నాయి. ఆ సాయంత్రం మా ఆవిడ మెట్ల కింద ఏదో తీయడానికి వెళ్ళి వచ్చి, "డ్రమ్ము పొడిగా ఉందేంటండీ? పొద్దున నీళ్ళు మార్చారుగా" అంది.

"అందులోవే పోశాను. అందుకే ఖాళీ అయింది" అన్నాను.

పొడిగా ఉందని అంది, ఖాళీగా ఉందని కాదు. ఆవిడ ఒక క్షణం నా వైపు చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి మావయ్య గారు మేత డబ్బా ముట్టలేదు. కుర్చీ మళ్ళీ కిటికీ పక్కకు వెళ్ళింది. మూడు చేపలూ ఆయన లేచిన ప్రతిసారీ ముందుకొచ్చి నిలబడేవి. ఆయన చూడనట్టు దాటి వెళ్ళేవారు. మాత్రలు కూడా ఇదివరకు తనే వేసుకునే మనిషి, ప్రతి పూటా "ఇప్పుడు వేసుకున్నానామ్మా?" అని కూతుర్ని అడగడం మొదలుపెట్టారు. రెండో కంటి ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దామని, అనుకున్న దానికన్నా మూడు వారాల ముందే గూడెం వెళ్ళిపోయారు. రైలెక్కించడానికి నేనే వెళ్ళాను. "మీకు నష్టం చేశానండీ" అన్నారు ప్లాట్‌ఫారం మీద. "అలాంటిదేం లేదండీ" అన్నాను. అప్పుడు కూడా అంతే అన్నాను.

ఆయన వెళ్ళిపోయాక నేను వేళకి ఇంటికి రావడం మొదలుపెట్టాను. ఆ మూడింటికీ రోజూ నీళ్ళు మార్చాను. టైము లేదని ఇన్నాళ్ళూ అనుకున్నవాడికి ఉన్నట్టుండి టైము దొరికింది. సిగ్గు వల్ల చేస్తున్న పని అని నాకు తెలుసు. మా ఆవిడ మెచ్చుకుంటే ఇంకా సిగ్గుగా ఉండేది.

నెల తర్వాత ఒక ఆదివారం పొద్దున మావయ్య గారు చెప్పకుండా వచ్చారు. చేతిలో గుడ్డసంచి. దాన్ని నేల మీద పెట్టకుండా గుండెకి ఆనించి పట్టుకున్నారు. లోపల నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సంచి, దాంట్లో చేపలు.

"ఐదూ తెచ్చానండీ" అన్నారు. "గూడెంలో ఒక కొట్లో ఉన్నాయంటే వెళ్ళాను. అవేనా అని రెండుసార్లు అడిగాను. అవేనండీ అన్నాడు. చూడండి, అవేగా?"

అవి కావు. యాంజిల్ చేపలు. పల్చగా, పొడుగు రెక్కలతో, వెండి రంగు మీద నల్లచారలతో ఉన్నాయి. గుండ్రంగా ఉంటాయని, చారలుంటాయని ఆయన చెప్పిన గుర్తులు పట్టుకుని కొట్టువాడు ఇచ్చేశాడు. ఒక కన్ను ఇంకా మసకే ఆయనకు. మా ఆవిడ నోరు తెరవబోయి నా వైపు చూసింది.

"అవేనండీ మావయ్య గారూ" అన్నాను. ఈ కథలో నేను చెప్పిన అబద్ధాల్లో దీనికి మాత్రం నేను సిగ్గుపడను.

వాటిని ట్యాంకులో వదిలాక ముగ్గురం కూర్చుని కాఫీ తాగాం. కొట్టు ఎలా ఉందని మామూలుగా అడిగాను.

"తాళాలు మా తమ్ముడి కొడుక్కి ఇచ్చేశానండీ" అన్నారు.

మా ఆవిడ ఉలిక్కిపడింది. "ఎందుకు నాన్నగారూ? ఎప్పుడు?"

"ఇక్కణ్ణుంచి వెళ్ళిన వారానికే ఇచ్చానమ్మా. ఊరికే చెప్పడమెందుకని చెప్పలేదు. తక్కెడ దగ్గర కూర్చునేవాడికి గుర్తు సరిగ్గా ఉండాలి. ఒకే బస్తా రెండుసార్లు తూచానంటే ఎవరి పొట్ట కొట్టినట్టు? మీ చేపలు కాబట్టి సరిపోయింది. అల్లుడు గారు పెద్దమనసుతో ఒక్క మాట అనలేదు."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను. అప్పుడు చెప్పాలి. ఎదురుగా ఆయన ఉన్నారు, పక్కన ఆవిడ ఉంది, ఎనిమిది చేపలు మళ్ళీ తిరుగుతున్నాయి. గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. సాయంత్రం బస్సెక్కించి వచ్చాను.

నలభై ఏళ్ళుగా ఆయన తెల్లవారుజామునే లేచి దిగిన మెట్లు, తీసిన తలుపులు. నేను ఓదార్పులా అన్న ఒక్క మాట అదంతా ఆపేసింది. ఆయన మతిమరుపు నేను తయారుచేసింది. ఆ తర్వాత పది రోజులు నాకు అన్నం సహించలేదు. కొట్లో ఒక రైతు సీసా ముందు పెట్టి, "నా పొరపాటేనండీ, చూసుకోలేదు" అంటే, ఏమీ అనలేక మందు రాసి పంపేశాను.

పదకొండో రోజు కైకలూరు వెళ్ళడం మానేసి గూడెం వెళ్ళాను. మా ఆవిడకి చెప్పలేదు.

కింద కొట్లో తమ్ముడి కొడుకు తక్కెడ దగ్గర ఉన్నాడు. నన్ను చూసి లేచి, "పైన ఉన్నారండీ బావగారూ" అన్నాడు. మావయ్య గారు మేడ మీద వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే గాభరాగా లేచారు.

"అమ్మాయి బాగుందాండీ? ఏమన్నా...?"

"అందరం బాగున్నామండీ. మీరు కూర్చోండి. మీతో ఒక మాట చెప్పాలని వచ్చాను."

ఆయన కూర్చున్నారు. నేను నిలబడే చెప్పాను. డ్రమ్ము నింపలేదని, కుళాయి నీళ్ళు పోశానని, వాసన తెలిసి కూడా పోశానని, ఫోను రాగానే నాకు తెలిసిపోయిందని, జేబులో విరుగుడు పెట్టుకుని వచ్చానని. మీరు ఒక్కసారే వేశారు, సరిగ్గా కొలిచే వేశారు, మీ జ్ఞాపకం నిక్షేపంలా ఉంది అని. మధ్యలో ఆపకుండా చెప్పాను, ఆపితే ఏదో ఒక సాకు కలిపేస్తానని భయం.

కింద బస్తాలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన పేపరు నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. కోపం వస్తుందని ఎదురు చూశాను. రావాలని కోరుకున్నాను కూడా.

"అయితే నేను రెండోసారి వెయ్యలేదన్నమాట" అన్నారు.

"వెయ్యలేదండీ."

"నాకు గుర్తులేదని అన్నానే గానీ, లోపల నాకు తెలుసండీ, వెయ్యలేదని. కానీ మీరు చెప్పారు కదా. నీళ్ళ గురించి, చేపల గురించి మీకు తెలిసినంత ఎవరికి తెలుసు? నన్ను నేను నమ్మడం మానేసి మిమ్మల్ని నమ్మాను." కొంచెం ఆగి, "ఆ రోజే ఎందుకు చెప్పలేదండీ? నేనేమంటాను?" అన్నారు.

ఆయన ఏమీ అనరన్న సంగతి నాకు ఆ రోజే తెలుసు. అనే మనిషి మీదైతే ఆ తప్పు నేను వేసేవాణ్ణి కాదు. ఆ మాట పైకి అనలేకపోయాను. "తప్పయిందండీ" అని వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. ఆశీర్వదించనూ లేదు. "భోజనం చేసి వెళ్ళండి" అన్నారు. పక్కన కూర్చుని తిన్నారు. పచ్చడి నా వైపు జరిపారు. ఉల్లిపాయల ధర గురించి ఒక మాట మాట్లాడారు. వెళ్ళొస్తానంటే ఎప్పుడూ మెట్లు దిగి వీధి దాకా వచ్చే మనిషి, ఆ రోజు కుర్చీలోంచే "జాగ్రత్తండీ" అన్నారు.

నేను ఏలూరు చేరేలోపే ఆయన కూతురికి ఫోన్ చేశారు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆవిడ చెప్పింది.

"'అల్లుడు గారు వచ్చి నిజం చెప్పారమ్మా, నువ్వు ఏమీ అనకు' అన్నారు నాన్నగారు. అందుకని అనను." ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "డ్రమ్ములో చెయ్యి పెట్టి చూశానండీ ఆ రోజు. తడి లేదు. మీరు అబద్ధం చెబుతున్నారని తెలుసు. నాన్నగారి విషయంలో కూడా చెప్పారని మాత్రం అనుకోలేదు. అది అడగనందుకు నా మీద నాకు కోపంగా ఉంది."

నా అబద్ధం ఆవిడలోనూ ఒక తప్పు మిగిల్చింది. దానికి నేను ఏం చెప్పినా చిన్నదే అవుతుంది. ఆ వారమంతా ఆవిడ నాతో అవసరమైనంతే మాట్లాడింది.

ఆ తర్వాత రెండో కంటి ఆపరేషన్ కూడా అయింది. ఈసారి ఆయన మా ఇంట్లో నాలుగు రోజులే ఉన్నారు. కట్టు విప్పాక ట్యాంకు దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూసి, "ఏవండీ, నేను తెచ్చినవి వేరే రకమండీ" అన్నారు. "అవునండీ" అన్నాను. "అయినా బానే ఉన్నాయి" అన్నారు. అంతవరకే. నాతో ఆయన మర్యాదలో ఏ తేడా రాలేదు. అదే అల్లుడు గారూ, అదే అండీ. కానీ నేను చెప్పిన ఏ చిన్న విషయమైనా ఇప్పుడు ఆయన విని ఊరుకోరు, కూతుర్ని ఇంకోసారి అడుగుతారు. రైలు టైము చెప్పినా సరే. ఆయనకు ఆ సంగతి తెలియకపోవచ్చు. నాకు ప్రతిసారీ తెలుస్తుంది.

కైకలూరు కొట్టు ఇప్పుడు తొమ్మిదిన్నరకి తీస్తున్నాను. డిస్కస్ మూడూ అరచెయ్యంత అయ్యాయి. కొత్తవి కొనలేదు, కొనను. గూడెంలో మావయ్య గారు వారానికి రెండు మూడు సార్లు పొద్దున్నే కిందకి దిగి, బస్తాలో చెయ్యి పెట్టి ఉల్లిపాయలు చూసి చెబుతున్నారట. తమ్ముడి కొడుకు తాళాలు తిరిగి ఇవ్వబోతే మాత్రం తీసుకోలేదు. వాడికి అలవాటైపోయిందిలే, ఉంచుకోనీ అన్నారట.